కంపు దారిలో బాతులు

దుబాయ్‌లో వేట నిషేధం కనుక తుపాకీకి బదులు కెమెరా కొన్నాను. మెట్రో ఇంకా రాని రోజులవి. ప్రతి శుక్రవారం క్రీక్ అనే సముద్రపు పాయ ఒడ్డుకు వెళ్ళి జనం తలకాయలను చక్కగా ఫొటో తీసేవాణ్ణి. బాతులు ఆ జనాన్ని చూసే ఎగిరిపోయేవి. ఈ వారమూ ఫొటోలో బాతు పడకపోతే కెమెరా అమ్మేస్తానని రూములో వాళ్ళకు మాట ఇచ్చేశాను.

అజ్మాన్ బస్సులో ఫోన్లో ఈ గోడు వెళ్ళబోసుకుంటుంటే ముందు సీట్లో నర్సు యూనిఫాంలో ఉన్న ఒకావిడ వెనక్కి తిరిగింది.

"మాది కొల్లేరు తమ్ముడూ. మా నాన్న బాతుల వేటగాడే. జనం లేని నీళ్ళు కావాలా? అదిగో, ఆ బండి వెనకాల పో!"

కిటికీలోంచి చూశాను. మురుగునీళ్ళ ట్యాంకర్.

"అదేంటక్కా, కంపు బండి కదా?"

"ఈ బండ్లు పోయేది మురుగు శుద్ధి చేసే చోటికి. అక్కడ మిగులు నీళ్ళు ఇసుకలో చెరువు కట్టాయి. బాతులకు మనంత నాజూకు లేదులే. కంపు మొదలైతే సగం దూరం వచ్చినట్టు. భరించలేకపోతే చేరినట్టు!"

శుక్రవారం పొద్దున్నే అలాంటి ట్యాంకర్ వెనకే టాక్సీలో వెళ్ళాను. భరించలేని చోట టాక్సీవాడు "ఖలాస్" అని దింపేశాడు. దిబ్బ ఎక్కి చూస్తే నీళ్ళు కనబడలేదు, అన్నీ బాతులే! ఒక్క మనిషి లేడు. ఆనందంలో గురి కూడా చూడకుండా నొక్కి మొదటి ఫొటోలన్నీ పాడుచేశాను.

కెమెరా అమ్మలేదు. చెరువెక్కడని రూములో అడిగితే దాచకుండా దారంతా చెప్పాను. ఆ చలికాలమంతా తోడు వస్తానన్నవాడు ఒక్కడూ లేడు.