ఆదివారం ఆముదం

ఆముదం వాసన నాకు ఇప్పటికీ పడదు. ఎవరింట్లోనైనా పిల్లల తలకు రాస్తున్నారంటే లేచి బయటికి వచ్చేస్తాను. నాకేదో జబ్బనుకుంటారు. అనుకోనీ.

మా అత్తగారిది జహీరాబాద్‌లో అల్లం వ్యాపారం. నేను ఆ ఇంటికి కోడలిగా వచ్చింది డెబ్బైల చివర్లో. రెండో కాన్పులో నాకు రక్తం ఆగలేదు. బొంబాయి నుంచి వస్తున్న లారీని రోడ్డు మీద ఆపి, సరుకు మూటల మధ్య పడుకోబెట్టి హైదరాబాద్ తీసుకుపోయారు. ఎట్లాగో బతికాను. అక్కడి డాక్టరమ్మ మా ఆయననూ అత్తమ్మనూ పిలిచి, ఇంకోసారి కడుపు వస్తే మనిషి దక్కదని చెప్పింది. పిల్లలు కాకుండా ఆపరేషన్ చేద్దామంటే ఒంట్లో రక్తం లేదు, ముందు కోలుకోవాలంది.

పిల్లవాడు పాలు మానాక మా ఊరి దవాఖానలో లేడీ డాక్టరు గర్భం రాకుండా వాడే మాత్రల అట్ట చేతిలో పెట్టింది. "రోజూ ఒకే టైముకు మింగు, మరిచిపోకు" అన్నది. ఇంకొక్క ముక్క చెప్పలేదు. బయట బెంచీ మీద ఇంకా ఎంతోమంది ఉన్నారు, ఆమె చూపు అప్పుడే తలుపు వైపు పోయింది.

మా అత్తమ్మ మాత్రలు వద్దనలేదు. ఆ మాట చెప్పకపోతే నాకు పాపం. మా గల్లీలో ఏ అత్తా ఒప్పుకోని పనికి ఆమె ఒప్పుకుంది. పొద్దున నేను పళ్ళు తోముకోగానే "గోలీ మింగినవా బిడ్డా?" అని అడిగేది కూడా ఆమే. నేను చచ్చిపోతానేమోనని ఆమెకు నిజంగానే భయం. నా కర్మ ఆ భయంలోనే ఉంది.

మాత్రలు మొదలుపెట్టాక నా చెంపల మీద మంగు మచ్చలు వచ్చాయి. కడుపులో తిప్పేది. అత్తమ్మ నా మొహం వెలుతురుకు తిప్పి చూసి, ఇదంతా వేడి అని తేల్చేసింది.

"గోలీ వేడి చేస్తది. ఒంట్ల వేడి పేరుకుంటే రక్తమెట్ల పడ్తది? వారానికోపారి జులాబు తాగు, అంత కడుక్కపోతది" అన్నది.

జులాబంటే కడుపు కడిగేసే మందు. మా ఇంట్లో ఆ మందు ఆముదమే. గింజలు వేయించి, దంచి, ఉడకబెట్టి ఆమె స్వయంగా తీసిన ఆముదం. నల్లగా, చిక్కగా, మాడు వాసన. ప్రతి ఆదివారం దాన్ని అల్లం కషాయంలో పోసి ఇచ్చేది. కషాయం మీద ఆముదం తెట్టు కట్టి, గ్లాసు వంచితే ముందు అదే పెదవులకు తగిలేది. నాలుక మీద జిడ్డు, పళ్ళ మీద జిడ్డు, గొంతులో దిగనని మొరాయించే ముద్ద. తాగేదాకా ఆమె ఎదురుగా కూర్చునేది. ఇక ఆ రోజంతా చెంబు పట్టుకుని పెరటి వెనక్కి పరుగులు. ఒక్కోసారి మర్నాడు కూడా. నిలబడితే కాళ్ళు వణికేవి. అది చూసి ఆమె, వేడి బాగా దిగుతున్నదని సంతోషించేది.

జులాబు ఇంట్లో అందరికీ మంచిదట. మరి మా ఆయనకెందుకు ఇవ్వరు? ఆదివారం లారీకి మూటలెత్తాలి, బేరగాళ్ళు వస్తారు, ఆయనకు కుదరదు. నేను గ్లాసు పట్టుకుంటే ఆయన ముక్కు మూసుకుని అరుగు మీదికి పోయేవాడు. అక్కడి నుంచే "అమ్మ ఇస్తున్నదంటే నీ మంచికే గద, తాగరాదు" అనేవాడు. ఆ ముక్కు మూసుకున్న గొంతు గుర్తొస్తే నాకు ఇవాళ్టికీ ఒళ్ళు మండుతుంది.

ఒక ఆదివారం మాత్ర మింగి, వెంటనే గ్లాసు ఎత్తాను. సగంలోనే కడుపు ఎదురు తిరిగింది. పెరట్లో మురికినీళ్ళు పోయే మోరీ దగ్గర కూలబడి కక్కేశాను. కళ్ళు తుడుచుకుని చూస్తే, ఆ నల్లని జిడ్డులో మాత్ర తేలుతోంది. ఇంకా కరగనే లేదు, మింగినది మింగినట్టే ఉంది.

"అత్తమ్మా, గోలీ పడిపోయింది" అన్నాను.

ఆమె వంగి చూసి, చెంబుతో నీళ్ళు కుమ్మరించింది. "ఒక్కటి పోతే ఏమైతది? రేపటిది ఉన్నది గద. ఫికర్ జెయ్యకు."

మా ఆయనతో చెప్తే, పొద్దున్నే ఆ కంపు ముచ్చట్లు తనకెందుకన్నాడు.

ఆ తర్వాత నెల తప్పింది. ముగ్గురం దవాఖానకు పోయాం. లేడీ డాక్టరు నన్ను పరీక్షించి, "మాత్రలు సరిగ్గా మింగలేదా?" అని కసిరింది. నేను నోరు తెరిచేలోపే మా ఆయన అందుకున్నాడు. "మింగిందో పారేసిందో ఎవరు చూసిన్రు మేడం!"

చావు భయంతో కూర్చున్నదాన్ని. అంత భయంలోనూ ఆయన్ని చూస్తే అసహ్యం వేసింది. ఆయనకన్నా ఆముదం నయం, కడుపులోకి పోతే బయటికైనా వస్తుంది. ఇంక సిగ్గు వదిలేసి ఆదివారాలు, వాంతులు, చెంబు, మోరీలో తేలిన మాత్ర, అన్నీ చెప్పేశాను.

డాక్టరు పెన్ను కింద పెట్టింది. "మింగిన కాసేపటికే కక్కితే మింగనట్టే. రోజంతా బేదులైనా అంతే, ఒంటికి పట్టకుండానే కొట్టుకుపోతుంది. క్షయ మందులు, ఫిట్స్ మందులు కొన్ని వాడినా ఈ మాత్ర పని చెయ్యదు. ఇంకో మందు ఏది తీసుకున్నా నాకు చెప్పాలి కదమ్మా! ఎవరిచ్చారు ఆముదం?"

"నేనే ఇచ్చిన. ఇంట్ల తీసినదే, కల్తీ లేదు" అన్నది అత్తమ్మ గర్వంగా.

డాక్టరుకు కోపం వచ్చింది. నాకు ఆ డాక్టరు మీదే వచ్చింది. ఈ ముక్కలన్నీ అట్ట చేతిలో పెట్టిన రోజు ఏమయ్యాయి?

హైదరాబాద్‌లో కడుపు తీసేసి, పిల్లలు కాకుండా ఆపరేషన్ కూడా చేశారు. మళ్ళీ రక్తం పోయింది. మా అన్న రక్తం ఇచ్చాడు. మా ఆయనకు సూది చూస్తే కళ్ళు తిరుగుతాయట, గది బయటే నిలబడ్డాడు.

ఇంటికొచ్చి మంచం మీద లేచి కూర్చోగలిగిన రోజు, వంటింట్లోంచి ఆ మాడు వాసన వచ్చింది. అత్తమ్మ గ్లాసుతో వచ్చింది. కళ్ళు ఏడ్చి ఏడ్చి ఉబ్బి ఉన్నాయి.

"దవాఖానల ఎన్ని మందులు పోసిన్రో ఏమో. ఇప్పుడు గోలీ లేదు గద, దీనితోని భయం లేదు. జర తాగు బిడ్డా, ఒళ్ళు శుద్ధి అయితది."

మా ఆయన గడప దగ్గర ఉన్నాడు. చెయ్యి అప్పటికే ముక్కు దగ్గరికి పోతోంది.

"ముందు నీ కొడుకును తాగమను అత్తమ్మా. ఆయన తాగితే నేను తాగుతా" అన్నాను.

అత్తమ్మ గ్లాసును గభాలున వెనక్కి తీసుకుంది.

"అయ్యో, వానికెందుకు బిడ్డా? వాడు తట్టుకోడు" అన్నది.