ఈగలక్క సీసాల్లో ఎవరు చెయ్యి పెట్టారు?

ఆ ల్యాబులో అందరూ ఆమెను ఈగలక్క అంటారు. పందొమ్మిదేళ్లుగా ఒకటే పని. గూట్లోంచి అప్పుడే బయటపడ్డ పండు ఈగలకు మత్తిచ్చి, మైక్రోస్కోప్ కింద మగవేవో ఆడవేవో విడదీసి, వేరువేరు సీసాల్లో వేసి దూది బిగించడం. ఎనిమిది గంటల్లోపు విడదీయాలి, లేకపోతే ఆడది జతకట్టేస్తుంది. జతకట్టిందా, ఆ తర్వాత ఏ మగాడొచ్చి రెక్క ఊపుతూ పాట పాడినా కాలితో తన్ని పొమ్మంటుంది. ఒక్క జన్యువు మారిస్తే మగ ఈగ ఆ పాట మరిచిపోతుందా లేదా తేల్చాలని పెద్దసారు పట్టుదల. ఆడ సీసాలో ఒక్క మగది జొరబడితే చాలు, ఆర్నెల్ల కష్టం మట్టిపాలు.

పోయిన నెల సరిగ్గా అదే జరిగింది. "ఇంకోసారి ఇలా అయితే ఇంకొకర్ని పెట్టుకోక తప్పదమ్మా" అన్నాడు సారు. ఈగలక్కకు ఒళ్లు మండిపోయింది. తన చేతిలో తప్పా? ఛీ! ఎవరో కావాలని చేసిన పనే.

ఎవరో కూడా తెలిసిపోయింది. కొత్తగా చేరిన పరిశోధన పిల్ల. అక్కా అక్కా అంటూ తేనె పూసిన మాటలు. తన పిన్ని కూతురు ఉద్యోగం కోసం తిరుగుతోందని ఓసారి నోరు జారింది కూడా. ఇంకేం కావాలి? పైగా ఈగలక్క దూదిని ఎడమకు మెలితిప్పి దోపుతుంది. ఈ మధ్య పొద్దున్నే వేలు పెట్టి చూస్తే మెలిక కుడికి తగులుతోంది.

"నీకు అనుమానం పిచ్చి పట్టిందే" అన్నాడు ఇంట్లో మొగుడు.

"మీరూరుకోండి. పట్టుకుని చూపిస్తాగా!"

ఆ సాయంత్రం ఇంటికి బయల్దేరినట్టే బయల్దేరి, అరగంటకు చెప్పులు చేత పట్టుకుని తిరిగొచ్చింది. పిల్ల మైక్రోస్కోప్ మీద వంగి ఉంది. చేతిలో ఈగలక్క సీసా.

"దొరికావే! నా పొట్ట కొట్టి ఏం బావుకుంటావే?"

పిల్ల చేతిలోంచి ఈగల్ని కదిపే కుంచె జారిపడింది. "అయ్యో, అది కాదక్కా. పోయిన నెల ఆ సీసాలు పాడైనప్పట్నుంచీ మీరెళ్లాక మళ్లీ చూస్తున్నా. ఇవిగో, ఈ నాలుగూ మీ ఆడ సీసాలోంచి తీసినవే. మీరే చూడండి."

ఈగలక్క రుసరుసలాడుతూ కూర్చుంది. మగదాని ముందుకాళ్ల మీద నల్లటి చిన్న దువ్వెన లాంటిది ఉంటుంది. మైక్రోస్కోప్ మర ఇటు తిప్పింది, అటు తిప్పింది. అద్దం తుడిచి మళ్లీ చూసింది. నాలుగు మసక మచ్చలు, అంతే. కోపం ఎటో పోయింది.

"ఇందులో మగది ఏదమ్మా?" అని మెల్లగా అడిగింది.

పిల్ల తల దించుకుంది.

"నాలుగూ మగవే అక్కా."