ట్రాక్టరెక్కిన కిలోమీటరు

ఆ రోజుల్లో నాకొక గట్టి నమ్మకం ఉండేది: నేను చెయ్యి పెడితే ఎంతటి పనైనా చక్కబడుతుందని. డిగ్రీ అయిపోయి, ఉద్యోగం దొరక్క, రెండు పూటలా కంచం ముందు మాత్రమే వేళకు హాజరయ్యే వయసది. ఆ వయసులో చేతిలో పని ఉండదు కానీ నోట్లో సలహాలకు కొదవుండదు. అందుకే మా కాక కరీంనగర్ నుంచి బోథ్ దాకా ఉరుక్కుంటూ పోతానని చెప్పిన రోజు, ఇంటిల్లిపాదీ నోరు తెరుచుకుని చూస్తుంటే నేనొక్కణ్ణే లేచి, "నీ ఎంబడి నేనొస్త కాకా, అన్ని నేనే చూసుకుంట" అన్నాను. మా అవ్వ వంటింట్లోంచే అందుకుంది. "ఇంట్ల గిలాసెడు నీళ్ళు ముంచుకొని తాగనోనివి, తొవ్వల ఆయనకు నీళ్ళందిస్తవారా?" (ఆ ప్రయాణానికి నాకు దొరికిన ఆశీర్వాదం అదొక్కటే.)

కాక అంటే మా బాపు తమ్ముడు. మరమగ్గాల మధ్య రోజుకు పన్నెండు గంటలు నిలబడే మనిషి. డ్యూటీకి ముందు తెల్లారగట్ల ఊరి బయట పరుగెత్తడం ఆయనకు అలవాటు. ఈసారి పరుగు మాత్రం సరదాకు కాదు. ఆయన చెల్లెల్ని, అంటే మా చిన్నత్తను, బోథ్ అవతల ఒక పల్లెకిచ్చారు. అంతకుముందు ఏడాది అత్తకు నొప్పులొస్తే బండి దొరక్క, మంచం మీద పడుకోబెట్టి నలుగురు ఆసుపత్రికి మోసుకొచ్చారు. అత్త బతికింది, బిడ్డ దక్కలేదు. ఆ చుట్టుపట్ల పల్లెలకు కాన్పుల కోసం ఒక జీపు కావాలని కాక ఎక్కని గడప లేదు. చివరికి సుల్తానాబాద్‌లో ఒక రైసుమిల్లు సేటు, "కరీంనగర్ల మొదలువెట్టి బోథ్ దాక నీ కాళ్ళ మీద ఉరికి చూపియ్యి, మా మిల్లులోల్లమంత కలిసి బండి ఇప్పిస్తం. నడుమల యాడన్న బండెక్కినవో, ముచ్చట ఒడిసినట్టే" అన్నాడు. సేటు నవ్వులాటకే అన్నాడేమో కానీ, కాక నవ్వలేదు.

జట్టులో మేం ముగ్గురం. ఉరికేది కాక, బట్టల తానులు మోసే తన ట్రాలీ ఆటోను వెనకాల నడిపేది ఆయన దోస్తు చాచా, మిగతా లోకవ్యవహారమంతా నేను. నిమ్మకాయలు, ఉప్పు, చక్కెర, అటుకులు, కొబ్బరినూనె, గుడ్డ పీలికలు, మెడలో ఒక విజిల్ (ఎందుకని అడగకండి, నాకూ తెలియదు). మొదటి రోజు చొప్పదండి చేరేసరికే మజ్జిగ సీసాలు ఖాళీ అయ్యాయి. కాక తాగింది రెండు. మిగతావి ఎటు పోయాయంటే, వెంట ఉండేవాడికీ దాహమేస్తుంది కదా! చాచా ఖాళీ సీసాలు చూసి నిట్టూర్చి, "బేటా, నువ్వు ఏం చెయ్యకుంట జర ఊకె కూసో, సగం పని అయినట్టే" అన్నాడు. ఆ మాట అప్పుడే వినుంటే ఇవాళ రాసుకోవడానికి నాకేమీ ఉండేది కాదు.

నాలుగో రోజుకు గోదావరి దాటి చాలా దూరం వచ్చేశాం. కాక మడమలు పగిలాయి, మోకాలు బిగుసుకుపోయింది, మాట్లాడటం దాదాపు మానేశాడు. ముందున్న ఊళ్ళకు ఫోను చేసి ఇంత నీడ, ఇన్ని నీళ్ళు ఏర్పాటు చేయించడం నా పని. అయితే ఉత్త నీడా నీళ్ళూ అడగడం మా కాక హోదాకు తక్కువనిపించింది నాకు. ఒక ఊరి సర్పంచికి ఫోను చేసి, "ఆడిబిడ్డల కోసం పానం లెక్కచెయ్యక ఉరుకుతుండు, జర మంచిగ అరుసుకోండ్రి" అని గొంతు బరువు చేసి మరీ చెప్పాను. (ఆ ఊరి పేరు చెప్పను. అక్కడ ఇప్పటికీ నన్ను గుర్తుపడతారు.)

అరుసుకున్నారు. ఊరి పొలిమేరలోనే డప్పులు, మంగళహారతులు. దేవుడికి ఎదురొచ్చినట్టు ఆడవాళ్ళు బిందెలతో వచ్చి కాక కాళ్ళకు నీళ్ళు పోశారు, బూట్లతో సహా. బంతిపూలు కట్టిన ట్రాక్టరు, దాని ట్రాలీలో తాళ్ళతో బిగించిన కుర్చీ. "అక్కచెల్లెండ్ల కోసం ఇంత దూరం ఉరికొచ్చినోన్ని మా ఊర్ల నడిపిస్తమా? ఎక్కుండ్రి!" అన్నాడు సర్పంచి. ఎండకు కాక కళ్ళు బైర్లు కమ్మి ఉన్నాయి. నావైపు చూశాడు. "ఏంరా, ఎక్కాల్నా?" అన్నాడు. అన్నీ చూసుకునేవాణ్ణి నేనే కదా. "ఎక్కు కాకా, ఎక్కకుంటె ఊరోల్లు చిన్నబోతరు" అన్నాను. అని, నేను కూడా ఎక్కి పక్కన నిలబడి, డప్పులకు తోడు విజిల్ ఊదుతూ వీడియో తీసి, సేటు ఉన్న వాట్సాప్ గ్రూపులోనే పెట్టాను. కింద "మా కాకకు ఘనస్వాగతం" అని రాసి నాలుగు పూలగుత్తుల బొమ్మలు కూడా చేర్చాను.

చాచా ముందే వెళ్ళి పంచాయతీ ఆఫీసు దగ్గర నీడకు బండి ఆపుకున్నాడు. కిలోమీటరు ఊరేగి మేం అక్కడికి చేరేసరికి ఆయన ముఖంలో నెత్తురుచుక్క లేదు. "అరె బేటా, గాయన బండి మీదున్నడేంది?" అన్నాడు. అప్పుడు వెలిగింది నాకు. కాకకూ వెలిగింది. నన్ను తిడతాడనుకున్నాను, తిట్టలేదు. కుర్చీ అంచున కూర్చుని తడిసిన బూట్లకేసి చూసుకుంటూ, "చెల్లెకు ఏం చెప్పాలెరా?" అన్నాడు. నా జన్మలో అంత సిగ్గుపడిన క్షణం ఇంకోటి లేదు. "వీడియో తీసేస్త కాకా, ఎవ్వలికి ఎరుక గాదు" అన్నాను మెల్లగా. "నాకెరుక, నీకెరుక, చాచాకెరుక, ఊరంత చూసింది. ఎరుక గానోల్లు ఇంకెవ్వలున్నరురా?" అని కిందికి దిగి, వచ్చిన దారినే కుంటుకుంటూ వెనక్కి నడవడం మొదలుపెట్టాడు. తన ఆటోలో దింపుతానని చాచా బతిమాలినా వినలేదు. "ఇయ్యాల బండి పేరెత్తకు" అన్నాడు.

సర్పంచి ముఖం ముడుచుకున్నాడు. "మా మర్యాదల ఏం తక్కువైందని ఎనుకకు పోతుండు?" అన్నాడు. చాచా సంగతంతా విడమరిచి చెప్పాక ఒక ముసలవ్వ సర్పంచి మీద విరుచుకుపడింది. "నేను ముందుగల్లనే అనుకున్నరా, ఉరికేటోన్ని ఎక్కిస్తరా ఎవ్వలన్న?" (అందరికంటే పెద్ద బిందె గుమ్మరించింది ఆమే.) ఇక ఊరంతా కాక వెనకాల బయలుదేరింది. డప్పులవాళ్ళకు మాత్రం పెద్ద చిక్కొచ్చిపడింది. ఎదుర్కోలుకు ఒక దరువుంది, పెళ్ళికి ఒకటుంది, ఊరి బయటికి తీసుకుపోయేటప్పుడు కొట్టేది మాత్రం ఒకే ఒక్కటుంది. "అది వద్దురా నాయినా!" అని సర్పంచి దండం పెట్టాడు. దాంతో పొలిమేర దాకా అందరూ మౌనంగానే నడిచారు.

పొలిమేరలో కాక బూట్లలోని నీళ్ళు వంపేసి, నన్ను పిలిచాడు. "నువ్వు గూడ ఉరుకు. ఎక్కుమన్నది నువ్వే గద" అన్నాడు. డప్పులు మోగాయి. పిల్లలు, ఆడవాళ్ళు, సర్పంచి, అందరూ ఉరికారు. నేను స్లిప్పర్లతో ఉరికాను. సగం దూరంలో డొక్కల్లో నొప్పి లేచి రోడ్డు పక్కన కూలబడితే, వెనక్కి తిరిగొచ్చి నాకు నీళ్ళు తాగించి లేపింది ఎవరనుకున్నారు? మా కాకే.

పంచాయతీ ఆఫీసు చేరగానే కాక నా ఫోను తీసుకుని సేటుకు తానే చెప్పాడు. "సేటూ, నేను ట్రాక్టరెక్కిన. మల్ల ఎనుకకు పోయి గా కిలోమీటరు ఉరికొచ్చిన. ఇగ నీ ఇష్టం." అవతల సేటు నవ్వు మా అందరికీ వినిపించింది. "గా వీడియో నేను తెరువనే లేదు గదనయ్యా! చెప్పకుంటె నాకెట్ల ఎరుకైతుండె? బండి గురించి ఫికర్ చెయ్యకు, పానం మంచిగ చూసుకో" అన్నాడు. చాచా కండువాతో కళ్ళు ఒత్తుకున్నాడు. నేనూ ఏడ్చాను, దాచుకోవడమెందుకు?

అయిదో రోజు సాయంత్రం బోథ్‌లో అత్త ఎదురొచ్చింది. కాక పాదాలు చూసి కళ్ళనీళ్ళు పెట్టుకుని, "తొవ్వల నిన్నెవలన్న మంచిగ అరుసుకున్నరానే?" అంది. కాక నా భుజం మీద చెయ్యేసి, "గీడే అరుసుకున్నడు. గీడు లేకుంటె ఒక కిలోమీటరు తక్కువ నడిచేటోన్ని, చెల్లె" అన్నాడు. చాచా పూసగుచ్చినట్టు సంగతంతా చెప్పాడు. అత్త కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, భుజాలు కదిలేలా నవ్వింది. బిడ్డ పోయినప్పటి నుంచి ఆమె అలా నవ్వడం మేమెవ్వరం చూడలేదు. మిల్లులవాళ్ళు అన్న మాట ప్రకారం ఇప్పించిన ఆ జీపులో ఆ ఏడాదే ఒక పిల్ల దారిలో పుట్టిందని తర్వాత తెలిసింది. ఇప్పుడు నాకు పొట్ట వచ్చింది, మెట్లెక్కితే ఆయాసమొస్తుంది. కాక ఆ సాయంత్రం అన్న మాటను మాత్రం నేను చాలా ఏళ్ళపాటు పొగడ్తే అనుకున్నాను.