పథ్యం ఎత్తేసిన శనివారం

1979లో నేను డెట్రాయిట్ శివారులోని ఒక ఆసుపత్రి డయాలిసిస్ విభాగంలో డైటీషియన్‌గా చేరాను. మూత్రపిండాలు చెడినవారికి అక్కడ వారానికి మూడుసార్లు యంత్రంతో రక్తం శుద్ధి చేసేవారు. ఒక విడతకూ మరో విడతకూ మధ్య రక్తంలో పొటాషియం పేరుకోకుండా, ఒంట్లో నీరు చేరకుండా చూడడం నా పని. అంటే వద్దని చెప్పడం. టమాటా వద్దు, అరటిపండు వద్దు, పప్పు వద్దు, ఉప్పు వద్దు. పథ్యం పెట్టాలన్నా తీయాలన్నా డాక్టరు ఆర్డరు ఉండాలి. దాన్ని రోగి వంటింటి దాకా తీసుకెళ్ళవలసింది మాత్రం నేనే. నర్సులను చూసి నవ్వే రోగులు నన్ను చూస్తే ముఖం తిప్పుకునేవారు.

వాళ్ళలో దేవదానం అన్నయ్య ఒకరు. పక్కనున్న ట్రాయ్ ఊళ్ళో కార్ల ఇంజనీరు. ఆ చుట్టుపక్కల తెలుగు క్రైస్తవ కుటుంబాలు ఆదివారం సాయంత్రాలు కలుసుకునే ప్రార్థన కూటానికి ఆయనే పెద్ద, మా అందరికీ అన్నయ్య. ఆయనకు జబ్బు చేసినప్పటి నుంచి కూటమంతా స్వస్థత కోసం ఉపవాసముండి ప్రార్థించింది. నేనూ ఉన్నాను. మోకరించి కళ్ళు మూసుకుంటే ఆయన రక్తపరీక్ష ఫలితాలే కనిపించేవి. వాటిని పక్కకు నెట్టి నమ్మాలని పెనుగులాడేదాన్ని. ఫలితాలు మాత్రం నెలనెలా దిగజారుతూనే ఉన్నాయి.

1983 ఫిబ్రవరిలో ఒక శుక్రవారం, యంత్రం దగ్గర నుంచి లేచాక, ఇక డయాలిసిస్ మానేస్తానని అన్నయ్య డాక్టరుకు చెప్పేశారు. గుండె నీరసించింది, చేతి నరాలు సూదికి లొంగడం లేదు. మానుకునే హక్కు రోగికి ఉంది. మానుకున్నాక మిగిలేవి కొద్ది రోజులే. అప్పుడు మా విభాగం చేసే మొదటి పని పథ్యం ఎత్తేయడం. కాపాడడానికి ఏమీ మిగలనప్పుడు ఏది తింటే ఏం? డాక్టరు "ఫ్రీ డైట్" అని రాస్తే దాని అర్థం మాకు తెలుసు. బయటివారికి తెలియదు.

వదినకు చెప్పారా అని అడిగాను. "సోమవారం పొద్దున చెప్తాలే అమ్మాయ్. ఈ రెండ్రోజులూ దాన్ని నవ్వనీ" అన్నారు. రోగి సమ్మతి లేకుండా భార్యకైనా చెప్పకూడదన్నది మా నియమం. నన్ను చెప్పనివ్వమని అడిగాను. ఆయన ఒప్పుకోలేదు.

మర్నాడు ఉదయం ఆయన భార్య విమల వదిన ఫోన్ చేసింది. "సుగుణా, విన్నావా! డాక్టర్ ఫుడ్డంతా అలౌ చేశాడంట! దేవుడు మన మొర విన్నాడే. మీ అన్నయ్యకి ఆ ఫ్రెంచ్ వాళ్ళ బీన్స్ క్యాసరోల్ కావాలంట. బీన్స్ రాత్రే నానేశా. సాసేజీ, గీసేజీ తెప్పించా. నాకది చేతకాదు, నువ్వు రావాలి."

అన్నయ్య విద్యార్థిగా అద్దెకున్న ఇంటి ఫ్రెంచ్ ముసలావిడ చలికాలంలో వండిపెట్టిన వంటకం అది. నేను వద్దన్నవన్నీ అందులో ఒకే గిన్నెలో ఉడుకుతాయి.

వెళ్ళాను. తెల్ల బీన్స్ విడిగా ఉడకబెట్టాం. ఇంకో పాత్రలో ఉప్పు మాంసపు సాసేజీ ముక్కలు ఎర్రగా వేయించి, ఆ కొవ్వులోనే ఉల్లిపాయ, క్యారెట్, వెల్లుల్లి మగ్గించి, టమాటా, బిర్యానీ ఆకు వేశాను. బీన్స్ ఉడకగానే వదిన అలవాటుగా గిన్నె ఎత్తి సింకు వైపు నడిచింది. గింజల పొటాషియం నీళ్ళలోకి దిగుతుందని, ఆ నీళ్ళు పారబోసి మళ్ళీ ఉడికించాలని ఆమెకు నేర్పింది నేనే.

"ఉంచండి వదినా, ఆ నీళ్ళు కూడా పోయాలి" అన్నాను.

ఆమె నిలబడిపోయి, పకపకా నవ్వింది. "ఏమండోయ్, నీళ్ళు కూడా పారబోయక్కర్లేదంట! పాపం, మీ సుగుణ ఉద్యోగం ఊడింది!"

"పోన్లే, ఇన్నాళ్ళకి ఒక మంచి మాట చెప్పింది" అని ముందుగదిలోంచి అన్నయ్య గొంతు.

అన్నీ కలిపి, పైన రొట్టెపొడి చల్లి, సన్నని వేడి మీద ఓవెన్‌లో పెట్టాను. అది ఉడుకుతున్నంతసేపూ వదిన ఫోన్ వదల్లేదు. మర్నాడు కూటంలో సాక్ష్యం చెప్తానని ఒక్కో ఇంటికీ కబురు చేస్తోంది. నేను అన్నయ్య పక్కన కూర్చున్నాను. "రేపు అందరి ముందూ నిలబడి దేవుడికి స్తోత్రం చెప్తుందట. ఎల్లుండి ఆమె ఏమైపోవాలి?" అని మెల్లగా అడిగాను. ఆయన కళ్ళు మూసుకున్నారు.

బల్ల దగ్గర అతిథి చేత ప్రార్థన చేయించడం మా ఆనవాయితీ. "స్వస్థత ఇచ్చినందుకు కృతజ్ఞత చెప్పు సుగుణా" అంటూ వదిన తల వంచింది. నేనూ వంచాను. ఉన్నమాట చెప్పడానికి వృత్తి ఒప్పుకోదు. లేనిమాటను ప్రార్థనగా పలకడానికి విశ్వాసం ఒప్పుకోదు. దేవా అన్న పిలుపు కూడా గొంతు దాటలేదు.

"ఏంటే, సండే స్కూల్ టీచరువి, మర్చిపోయావా?" అంది వదిన, తల ఎత్తకుండానే.

నా బదులు అన్నయ్యే అన్నారు. "అది తనవల్ల కాదు విమలా. సోమవారం నేను డయాలిసిస్‌కి వెళ్ళను. ఇక వెళ్ళను."

వదిన నా వైపు తిరిగింది. "మరి ఫుడ్డంతా అలౌ చేశారుగా?"

"అందుకే చేశారు వదినా."

ఆమె గరిటె తీసుకుని, పైన గట్టిపడిన పొర పగలగొట్టి, ఆయనకు వడ్డించింది. "తినండి" అంది. ఆయన రెండు చెంచాలు తిని ఆపేశారు. ఎవరూ ప్రార్థన చేయలేదు. ఫోన్ మోగింది. ఎవరో సంతోషం తెలపడానికి చేసి ఉంటారు. ఆమె లేవలేదు.

ఆ తర్వాతి వారం ఆయన పోయారు. నేను కూటానికి వెళ్ళడం మానలేదు, నమ్మడమూ మానలేదు. అంతమంది అడిగినదానికి ఆ జవాబు ఎందుకు వచ్చిందో నాకు ఈనాటికీ తెలియదు. తెలుస్తుందన్న ఆశ కూడా లేదు.

వృత్తిపరంగా తెలిసింది ఒకటుంది. పథ్యం ఎత్తేయడం ఇంటివాళ్ళ చెవికి శుభవార్తలా వినబడుతుంది. అందుకని కారణం ముందు, వంటకం తర్వాత చెప్పాలి. అప్పటి నుంచి ప్రతి రోగినీ ఇంట్లో చెప్పడానికి నాకు అనుమతి ఇమ్మని అడిగేదాన్ని. కొందరు ఇచ్చారు. ఇవ్వనివారికీ ఆర్డరు ప్రకారం పథ్యం ఎత్తేశాను. వాళ్ళ ఇళ్ళలో ఆ వారాంతం ఎవరు పండగ చేసుకున్నారో నేను కనుక్కోలేదు.