ముందుగా మోగిన గట్టిమేళం

ముసురు పట్టి నాలుగు రోజులైంది. మా మనవడు పెరటి వసారాలో కొబ్బరి డొక్కలు రాజేసి డోలు వెచ్చబెడుతున్నాడు. చెమ్మకి తోలు మెత్తబడిపోతే సెగ చూపిస్తే తప్ప పలకదు. ఆ పొగా, వేడెక్కిన తోలు వాసనా కలిసి ముక్కుకి తగిలేసరికి నాకు పేరయ్యగారు గుర్తొచ్చారు. ఆయన నా ఎదురుగా గొంతుక్కూర్చుని, "చాల్రా సత్తెయ్యా, ఇంకా సెగ పెట్టేవంటే అది పలకదు, అరుస్తుంది" అనేవారు. ఈ మాటే మనవడితో అన్నాను.

పేరయ్యగారు మా సన్నాయి మేళానికి పెద్ద. పొట్టి మనిషి, నల్లటి మనిషి, పంచె ఎప్పుడూ మోకాళ్ళ పైకే. ఆయన సన్నాయి గురించి అమలాపురం నుంచి రాజోలు దాకా చెప్పుకునేవారు గానీ, నన్నడిగితే ఆయన గొప్పంతా చెవుల్లో ఉంది. పడవలో కళ్ళు మూసుకుని పడుకునే, గట్టు మీద నడిచేది ఎవరో అడుగుల చప్పుడుని బట్టి చెప్పేసేవారు. ఈయన్ని నూతి దగ్గర నిలబడి కూడా తిట్టుకోవడానికి వీల్లేదని ఆయన ఇల్లాలు మా ఆవిడ దగ్గర వాపోయేది.

మా నాన్న పోయాక నేను డోలు భుజాన వేసుకుని ఆయన మేళంలో చేరాను. అప్పటికే పెళ్ళయి పిల్లవాడు కూడా ఉన్నాడు. చెయ్యి మంచి చురుకు, దానికి రెండింతలు పొగరు. చేరిన కొత్తలో ఒక పెళ్ళిలో పందిరి ఎగిరిపోయేలా వాయించాను. జనం భళా అన్నారు. పేరయ్యగారు మాత్రం తిరుగు పడవ ఎక్కాక, పెళ్ళికూతురు ఎక్కిళ్ళు పెట్టింది విన్నావా అని అడిగారు. లేదండి అన్నాను. "వాళ్ళమ్మా వినలేదు. నీ డోలు విననివ్వలేదు. ఆ పిల్ల దాహంతో అలాగే కూర్చుంది" అన్నారు. నాకు ఒళ్ళు మండిపోయింది. ఎక్కిళ్ళు వినడానికా నేను డోలు నేర్చుకున్నది అనుకున్నాను.

ధవళేశ్వరం ఆనకట్ట నీళ్ళు కొత్తగా కాలువల్లో పారుతున్న రోజులవి. కొత్తపేట దగ్గర వెంకట్రామయ్యగారని ఒక పెద్ద రైతు ఉండేవారు. ఆయనకి అరవై నిండుతున్నాయని కొడుకులు షష్టిపూర్తి తలపెట్టారు. గాదెలు నిండుతున్న కాలం, అమ్మానాన్నలకి మళ్ళీ పెళ్ళి చెయ్యడమనే ముచ్చట, ఇక వాళ్ళని పట్టేదెవరు? పెద్దకొడుకు మమ్మల్ని పిలిపించి ఏకబిగిన ఏర్పాట్లన్నీ చెప్పాడు. మాకు తోడుగా ద్రాక్షారామం నుంచి ఇంకో సన్నాయి మేళం గోదావరి దాటి వస్తుందట. ఊరేగింపుకి తాషా డప్పులట. రాత్రికి ఆటపాటలకి భోగం మేళమట. పేరయ్యగారు అన్నిటికీ "ఆయ్, ఆయ్" అంటూ తలూపారు. అన్ని మేళాల మధ్య నా డోలే పైన వినిపించాలని నేను అక్కడే నిర్ణయించేసుకున్నాను.

మేము లేచి వస్తుంటే ఆ ఇంటి ఇల్లాలు సూరమ్మగారు పెరటి వసారాలోకి రమ్మని కబురు పెట్టారు. ఆవిడ చేటలో మినుములు చెరుగుతున్నారు. చుట్టూ ఎవరూ లేరని చూసుకుని చేట పక్కన పెట్టారు.

"పేరయ్యా, ఏడాదిగా అయ్యగారి మతి నిలకడగా ఉండటం లేదు. పిల్లలు వయసు మీద పడిందనుకుంటున్నారు, నేనే సర్దుకొస్తున్నాను. ఇవాళ పొద్దున్న నన్నే, మీరెవరమ్మా అని అడిగేరు."

ఆ మాట అంటున్నప్పుడు ఆవిడ ముఖంలో ఏడుపు లేదు. ఎవరికైనా చెప్పుకోగలిగానన్న తేలిక కనిపించింది. పెద్ద చప్పుడైతే ఆయన బెదిరిపోతున్నారనీ, లేచి పొలాల వైపు వెళ్ళిపోతున్నారనీ చెప్పారు. పది ఊళ్ళ తగవులు తీర్చిన మనిషి, చుట్టాలందరి ముందూ పెళ్ళిపీట మీద నవ్వులపాలు కాకూడదన్నారు. ఆవిడకి కావలసింది అదొక్కటే. కొడుకులతో చెబితే కోడళ్ళకి తెలుస్తుంది, కోడళ్ళకి తెలిస్తే వాళ్ళ పుట్టిళ్ళకి తెలుస్తుంది. అందుకని ఎవరితోనూ అనలేక, మేళం పెద్దని పిలిచి చెప్పుకున్నారు.

ఏ పాట వింటే అయ్యగారు నెమ్మదిస్తారని పేరయ్యగారు అడిగారు. తమ పెళ్ళిలో వాయించిన పాట ఒకటుందనీ, తనకి అప్పుడు ఎనిమిదేళ్ళనీ, పేరు తెలీదనీ అన్నారావిడ. పాడమంటే సిగ్గుపడ్డారు. చివరికి మా వైపు చూడకుండా, చేట అంచు పట్టుకుని సన్నగా కూనిరాగం తీశారు. రెండు వరసలు వినగానే పేరయ్యగారు కండువాతో కళ్ళు ఒత్తుకున్నారు. ఆ పెళ్ళికి సన్నాయి పట్టింది పేరయ్యగారి నాన్నేనట.

మర్నాటి నుంచి ఆయన పెద్దకొడుకు ఏర్పాట్లు ఒక్కొక్కటీ పీకడం మొదలుపెట్టారు. ఎంత వినయంగా పీకారంటే, ఆ అబ్బాయి అవన్నీ తన ఆలోచనలే అనుకున్నాడు. రెండు మేళాలుంటే శ్రుతులు కలవవండి, విన్నవాళ్ళు మీ ఇంటి పెళ్ళిని ఆడిపోసుకుంటారండి అన్నారు. ద్రాక్షారామం మేళం ఆగిపోయింది. తాషాల చప్పుడికి మీ ఒంగోలు గిత్తలు బెదిరి తాళ్ళు తెంచుకుంటాయేమోనండి అన్నారు. ఆ గిత్తలంటే అతనికి ప్రాణం, తాషాలూ ఆగిపోయాయి. భోగం మేళాన్ని మాత్రం ఉంచారు, అప్పటికి అయ్యగారు నిద్రపోతారని. నాకు మాత్రం పండగంతా చేతిలోంచి జారిపోతున్నట్టుంది.

అన్నీ తీసేసినా గట్టిమేళాన్ని తీసెయ్యలేం కదా. తాళి కట్టే క్షణంలో తుమ్ము గానీ ఏడుపు గానీ చెడ్డమాట గానీ ఎవరి చెవినా పడకుండా సన్నాయీ డోలూ కలిపి హోరెత్తించడమే గట్టిమేళం. అది లేకపోతే పెళ్ళి పెళ్ళే కాదు. పురోహితుడు "గట్టిమేళం" అని కేక వేస్తేనే మొదలుపెట్టాలి. కేకకి ముందే మొదలుపెట్టిన మేళగాణ్ణి ముహూర్తం చెడగొట్టినవాడని మళ్ళీ గుమ్మం ఎక్కనివ్వరు. అంత చప్పుడికి అయ్యగారు లేచిపోతే ఏం చెయ్యాలి?

దానికి పేరయ్యగారు చేసిన పని ఇప్పుడు తలుచుకున్నా ముద్దొస్తుంది. ఇంకా పదిహేను రోజులుందనగా, సాధనకని చెప్పి వాళ్ళ కొబ్బరితోటలో మకాం పెట్టారు. మొదటి రోజు నా చేతిలోంచి డోలు పుల్ల లాక్కుని, తోట చివర కాలువ గట్టు దగ్గర కూర్చోబెట్టి, అరచేత్తో మాత్రమే వాయించమన్నారు. పిల్లలాట అనుకుని పళ్ళు నూరుకున్నాను. మర్నాడు నాలుగు చెట్లు ముందుకి జరిగాం. ఆ మర్నాడు ఇంకో నాలుగు. ఆరో రోజుకి అయ్యగారు పెరటి గుమ్మంలోకి వచ్చి నిలబడ్డారు. ఎనిమిదో రోజున అరుగు మీద కూర్చుని తొడ మీద తాళం వేశారు. అప్పటికి గానీ పేరయ్యగారు పుల్ల తిరిగి నా చేతికివ్వలేదు. పన్నెండో రోజున వాన వల్ల ఆలస్యమైతే, "ఏవోయ్, ఇవాళ ఇంత ఆలస్యమైందే" అని అయ్యగారే మమ్మల్ని కోప్పడ్డారు. వసారా స్తంభం వెనక సూరమ్మగారు నవ్వుకోవడం నేను చూశాను. ఆ రోజు మొట్టమొదటిసారి, నా చేతి చప్పుడు ఒక మనిషికి ఏం చేస్తోందో చూసుకుంటూ వాయించాను.

షష్టిపూర్తి రోజు పొద్దున్నే పందిరి నిండిపోయింది. అయ్యగారు పట్టుపంచె కట్టుకుని పీట మీద దర్జాగా కూర్చున్నారు. పేరయ్యగారు వాళ్ళ నాన్న వాయించిన ఆ పాటే అందుకున్నారు. అయ్యగారి వేళ్ళు తొడ మీద కదిలాయి. మధ్యలో కొడుకులు ముచ్చటపడి తెర పట్టించారు. తెర అవతల సూరమ్మగారిని కూర్చోబెట్టారు, నుదుట బాసికంతో, బుగ్గన చుక్కతో. తాళి అయ్యగారి చేతికిచ్చి తెర దించారు. ఆయన ఎదురుగా ఉన్న ముఖంలోకి చూశారు. చాలాసేపు చూశారు. తాళి పట్టుకున్న చెయ్యి వెనక్కి తీసుకున్నారు.

"ఈవిడెవరండీ..."

ఆ మాట ఆయన పెదవి దాటిందో లేదో, పేరయ్యగారి సన్నాయి ఒక్క అరుపు అరిచింది. పురోహితులు ఇంకా మంత్రంలోనే ఉన్నారు, కేక వెయ్యలేదు. నేను తెల్లబోయి ఆయన వైపు చూశాను. నా డోలు అలా ఆగిపోయిన ఆ క్షణంలో తక్కిన మాట కూడా నా చెవిన పడింది. "మా సూరమ్మని పిలవండి. సూరమ్మ వస్తే గానీ నేను కట్టను."

పేరయ్యగారి కాలు నా మోకాలిని తన్నింది. ఇక నేను ఆగలేదు. ఒళ్ళంతా చేతుల్లోకి తెచ్చుకుని వాయించాను. పురోహితులు కోపంగా చేతులు ఊపుతున్నారు, పెద్దకొడుకు లేచి నిలబడ్డాడు, జనం ఒకరి ముఖాలొకరు చూసుకుంటున్నారు. ఎవరికీ ఎవరి మాటా వినపడటం లేదు. అయ్యగారు మాత్రం బెదరలేదు. ఆ హోరు ఆయనకి పదిహేను రోజుల నేస్తం. సూరమ్మగారు ముందుకి వంగి ఆయన చెవిలో ఏదో చెప్పారు. ఆయన నమ్మనట్టు చూశారు. ఆవిడ మళ్ళీ చెప్పారు. అప్పుడాయన పళ్ళు లేని నోటితో ఫక్కున నవ్వి, చేతులు చాచి, తాళి కట్టారు. పేరయ్యగారి మెడ నరాలు తాళ్ళలా లేచాయి. మూడో ముడి పడేదాకా ఊపిరి వదల్లేదు.

సన్నాయి దించగానే అందరూ మీద పడ్డారు. అయ్యగారు తడబడిందే మా వల్లనన్నారు. కేక వెయ్యకుండా ఎలా మొదలుపెట్టావని పురోహితులు నిలదీశారు. పేరయ్యగారు రెండు చేతులూ జోడించారు.

"తప్పయిపోయిందండి. తవరు కేక వేసేరనుకున్నానండి. ఈ మధ్య నాకు చెవులు సరిగ్గా వినపడ్డం లేదండి."

జనం నవ్వారు. చెవిటి సన్నాయిగాడని ఎవరో అన్నారు, దానికి ఇంకా నవ్వారు. నేను అసలు సంగతి చెప్పెయ్యడానికి నోరు తెరవబోతే ఆయన నా వైపు చూశారు, నోరు మూసుకున్నాను. అంత గోలలోనూ సూరమ్మగారు పీట మీంచి లేచి లోపలికి వెళుతూ, మాకు అల్లంత దూరాన ఒక్క క్షణం ఆగారు. తల తిప్పలేదు. పక్కనున్న ఆడవాళ్ళకి కూడా వినపడనంత మెల్లగా, "భోంచేసి వెళ్ళు పేరయ్యా" అన్నారని ఆవిడ పెదవులు చూసి పోల్చుకున్నాను. "ఆయ్" అన్నారు పేరయ్యగారు.

పడవలో నేను ఉండబట్టలేకపోయాను. మీ చెవులకి చెవుడా, రేపటి నుంచి మనల్ని ఎవరు పిలుస్తారండీ అని గట్టిగానే అడిగాను. ఆయన సన్నాయిని గుడ్డలో చుట్టుకుంటూ, "మనకి ఇంకో పెళ్ళి ఉంటుందిరా. ఆయనకి ఉండదు" అన్నారు.

ఆ మాట తేలిగ్గానే అన్నారు గానీ అనుభవించింది తేలిక కాదు. రెండేళ్ళు మా మేళాన్ని మంచి ఇళ్ళవాళ్ళు పిలవలేదు. తరవాత పిలిచినా, ఆయన చెవి దగ్గర నోరు పెట్టి అరిచి మరీ చెప్పేవారు. అబద్ధం బయటపడితే ఆ రోజు ఎందుకలా చేశావని ఎవరైనా అడుగుతారు కాబట్టి, ఆయన జీవితాంతం చెవుడు నటించారు. రేవులో ఎవరో పిలిస్తే మూడోసారికి గానీ తిరిగేవారు కాదు. శ్రుతి పెట్టుకునేటప్పుడు కూడా, ఎదుట ఎవరైనా ఉంటే, నన్నడిగి సరిచూసుకున్నట్టు నటించేవారు. వెంట్రుక వాసి తేడా పట్టగల మనిషి నన్నడగడం చూస్తే నాకు ఏడుపొచ్చేది. ఆయనంటే నాకు ప్రాణమని అప్పుడే తెలిసింది.

అయ్యగారు, ఆ తరవాత సూరమ్మగారు కాలం చేశారు. పేరయ్యగారు కూడా మంచం పట్టాక ఒకనాడు, ఇద్దరమే ఉన్నప్పుడు, ఎన్నేళ్ళుగానో మనసులో ఉన్నది అడిగేశాను. ఆ హోరులో సూరమ్మగారు అయ్యగారి చెవిలో ఏం చెప్పారండీ, ఏం చెబితే అలా నవ్వి తాళి కట్టారండీ, మీకు తప్పకుండా వినపడే ఉంటుంది అన్నాను.

పేరయ్యగారు నా వైపు తిరిగారు. ఆ కళ్ళల్లో నవ్వు దాక్కోలేదు. మెల్లగా చెయ్యెత్తి చెవి వెనక డొప్పలా పెట్టుకున్నారు.

"ఏవిట్రా? కాస్త గట్టిగా చెప్పు. నాకు చెవుడు కదా."

సూరమ్మగారు చెప్పిన ఆ మాట ఆయనతోనే వెళ్ళిపోయింది. దాని తరవాత నేను ఎన్ని పందిళ్ళలో కూర్చున్నానో లెక్క లేదు. వియ్యపురాళ్ళ గుసగుసలు, పెళ్ళికొడుకుల అలకలు, అప్పగింతలప్పుడు తండ్రులు గొంతులో మింగుకున్న మాటలు, నా చెవిన పడనిది లేదు. ఇంటికి రాగానే మా ఆవిడ ఆశగా ఎదురొచ్చి పెళ్ళిలో ఏం జరిగిందని అడుగుతుంది. నాకేమీ వినపడలేదంటాను. డోలు వాయించేవాడికి ఏం వినపడుతుందిలే అనుకుని అన్నం వడ్డిస్తుంది.