తడి అద్దం మీద పొడి వేలు

చంటిపిల్లల షాంపూ వాసన వస్తే ఎవరికైనా పసిపిల్లల తల గుర్తొస్తుంది. నాకు మాత్రం ముందు కోపం వస్తుంది. ఆ తరువాతే రత్నమాలగారు గుర్తొస్తారు. మొన్న మనవరాలికి తలంటుతుంటే నురగ చేతికి తగిలి ఆ వాసన గుప్పుమంది. ఎల్.బి.నగర్ కూడలి దాటాక సాగర్ రోడ్డు మొదట్లో ఉన్న మా రేకుల కొట్టు, దాని మధ్యలో వేలాడే ఆకుపచ్చ పరదా, పరదా వెనక ముక్కాలిపీట మీద నేను, అన్నీ ఒక్కసారిగా కళ్ళ ముందుకొచ్చాయి. "నానమ్మా, నీళ్ళు సల్లగైనయి" అని పిల్ల అనేదాకా చెంబు పట్టుకుని అలాగే ఉండిపోయాను. రత్నమాలగారిని చూడనివాళ్ళకు ఆమె సంగతి చెప్పాలనిపించింది. నాకు రాయడం అంతగా రాదు. నేను చెబుతుంటే కోడలు రాస్తోంది. అందంగా రాయొద్దు, నేను చెప్పింది చెప్పినట్టు రాయమన్నాను.

మా కొట్టులో బండ్లకు స్టిక్కర్లు వేస్తాం. మా దగ్గర దాన్ని రేడియం పని అంటారు. దేవుళ్ళ బొమ్మలు, పిల్లల పేర్లు, ఆటోల ముందు అద్దం మీద అడ్డంగా వేసే పట్టీలు, అన్నీ రేడియమే. రత్నమాలగారిది తెనాలి వైపు. ఆమె భర్త కుంచెతో బోర్డులు రాసేవాడట. కుంచె పని పోయాక రేడియం కోసే మిషను కొన్నాడు. కొన్న కొన్నాళ్ళకే పక్షవాతం వచ్చి మంచం పట్టాడు. కొట్టు ఆమె మీద పడింది. ఇక నా సంగతి. నల్గొండ పల్లె నుంచి నా మొగుడితో వచ్చి చంపాపేట్‌లో కిరాయి గదిలో ఉండేవాళ్ళం. ఆయన లారీ తోలేవాడు. పెద్ద అంబర్‌పేట్ దగ్గర హైవే మీద బండి తిరగబడి పోయాడు. ఊడ్చే పని ఉందంటే ఆ కొట్టుకు వెళ్ళాను. ఆమె నన్ను కింది నుంచి పైదాకా చూసి, "ఊడవడానికి ఎవరైనా దొరుకుతారు. నీ వేళ్ళు సన్నగా ఉన్నాయి, కూర్చో" అన్నారు. ఆ మాటతో నా బతుకు ఒక దారిన పడింది. ఆ మాట అన్న మనిషి మీదే నాకు ఇంత కోపం ఎందుకో చెబుతాను.

ముందు సూది చేతికిచ్చారు. మిషను కోసిన రేడియంలో అక్షరాల మధ్య మిగిలిన ముక్కలను సూదితో లేపి తీసేయాలి. బడికి పోనిదాన్ని, అక్షరాలు నాకు అట్లాగే వచ్చాయి. ఏ అక్షరానికి ఎక్కడ పొట్ట ఉంటుందో, ఎక్కడ కొమ్ము ఉంటుందో చెత్త తీస్తూ తెలుసుకున్నాను. నేను మొట్టమొదట కూడబలుక్కుని చదివిన మాట "అమ్మ దీవెన". ఆటోవాళ్ళలో సగంమంది అదే వేయించుకునేవాళ్ళు మరి.

తరువాత తడి పని నేర్పారు. పొడి అద్దం మీద స్టిక్కరు పెడితే పెట్టినచోటే పట్టుకుంటుంది. వంకరైతే వంకరే. అందుకే సీసాలో నీళ్ళు పోసి, చంటిపిల్లల షాంపూ రెండు చుక్కలు వేసి, అద్దం మీదా జిగురు మీదా కొట్టాలి. షాంపూ ఎక్కువైతే స్టిక్కరు జారుతూనే ఉంటుంది, తక్కువైతే మొరాయిస్తుంది. పెట్టి, జరిపి, సరిచూసుకుని, ప్లాస్టిక్ బద్దతో మధ్య నుంచి అంచులకు నీళ్ళు తోసేయాలి. "నీళ్ళున్నంతసేపూ అది నీ మాట వింటుంది యాదమ్మా. నీళ్ళు బయటికి పోయాయా, ఇంక ఎవరి మాటా వినదు" అనేవారు. అన్నిటికంటే ముఖ్యం, వేళ్ళు తడుపుకోవాలి.

"వేళ్ళు తడుపుకున్నావా?"

"తడుపుకున్ననమ్మా."

"అబద్ధం. ఇదిగో, జిగురు మీద నీ బొటనవేలు అచ్చుపడింది. లోపల కూర్చున్నవాడికి అద్దంలోంచి ఇదే కనిపిస్తుంది. ఆ అబ్బాయి బండి తోలినన్నాళ్ళూ నీ వేలు చూసుకుంటూ తోలాలా?"

అని ఆ బద్దతోనే మణికట్టు మీద ఒక్కటి వేసేవారు. నొప్పి పుట్టేది కాదు, సిగ్గేసేది. మధ్యాహ్నం మళ్ళీ తన డబ్బాలోని గోంగూర పచ్చడి నా అన్నంలో ఆమే వేసేవారు. అలాంటి మనిషి.

పని చేతిలోకి వచ్చాక ఒకరోజు ఒకాయన కొత్త ఆటో తెచ్చాడు. దిల్‌సుఖ్‌నగర్ షోరూంలో తీసుకుని, గుడి ముందు నిమ్మకాయలు తొక్కించి నేరుగా మా దగ్గరికే వచ్చాడు. నేను సీసా పట్టుకుని లేచాను. ఆయన నా నుదురు చూశాడు. నాతో మాట్లాడలేదు, రత్నమాలగారితో అన్నాడు. "కొత్త బండమ్మా. జర మీరే పెట్టుండ్రి. గామె చెయ్యొద్దు."

ఆమె లేచి వచ్చారు. నా చేతిలోంచి సీసా తీసుకున్నారు. నేను తుడిచిన అద్దం మీద, నేను కలిపిన నీళ్ళు కొట్టారు. మర్నాడు నేను వచ్చేసరికి కొట్టు మధ్యలో ఆకుపచ్చ పరదా కట్టి ఉంది.

అప్పటినుంచి అదే పద్ధతి. కొత్త బండి వస్తే నేను పరదా వెనక్కి పోవాలి. ఆమె కుంకుమబొట్టుతో బయటికి వెళ్ళి, నీళ్ళు కొట్టి, స్టిక్కరు ఒక మూల ఆనించి, "కాస్త టైము పడుతుందండీ, టీ తాగి రండి" అని వాళ్ళను సాగనంపేవారు. వాళ్ళు అటు మళ్ళగానే నేను ఇటు వచ్చి పనంతా చేసి మళ్ళీ పరదా వెనక దూరాలి. వాళ్ళు తిరిగొచ్చి అద్దం చూసి, "మీ చెయ్యి మంచిదమ్మా" అని ఆమెకు దండం పెట్టేవాళ్ళు. బట్ట ఇవతల కూర్చుని ఆ మాట ఎన్నిసార్లు విన్నానో. పాత బండ్లకు నా చెయ్యి పనికొస్తుంది. లారీ వెనక నంబరుకు పనికొస్తుంది. కొత్త బండికి పనికిరాదు. నా మొగుడు బండి తిరగబడి పోయాడు గాని నేను తోసి చంపానా?

ఒకసారి అడిగాను. "పని నాది, దండం మీకు. గంతేనా అమ్మా?"

"కొట్టు నడవాలి గదా యాదమ్మా. ఇంట్లో మనిషి మంచంలో ఉన్నారు. నన్నేం చెయ్యమంటావ్?"

"నన్ను దొంగలెక్క దాచిపెట్టకుండ్రి."

ఆమె మిషను వైపు తిరిగి కూర్చున్నారు. ఆ పూట గోంగూర డబ్బా నావైపు జరిపితే నేను ముట్టలేదు.

కొంతకాలానికి ఆమె భర్త పోయాడు. కర్మలన్నీ అయ్యాక ఆమె కొట్టుకు వచ్చారు. నుదురు బోసిగా ఉంది. వచ్చినామె నన్ను పలకరించకుండా నేరుగా పరదా వెనక్కి వెళ్ళి నా ముక్కాలిపీట మీద కూర్చున్నారు. నాకు జాలి వేయాలి గదా. వేసింది. దాని వెనకే కోపం కూడా వచ్చింది. ఎవరూ చెప్పకుండానే పోయి కూర్చున్నారు, ఆ చోటు ఎవరిదో ఆమెకు అంత బాగా తెలుసన్నమాట. బయటికి రమ్మంటే "బేరాలు పోతాయి" అన్నారు. ఇక కొత్త బండి తెచ్చేవాళ్ళకు, మీ ఇంటి ముత్తైదువను వెంట తెచ్చుకోండి అని చెప్పడం మొదలుపెట్టాం.

అట్లా వచ్చాడు శ్రీను అనే పిల్లవాడు. కొత్త ఆటో, పక్కన మేనత్త. అద్దం నిండా పసుపు రాసి, మధ్యలో కుంకుమబొట్టు పెట్టి ఉంది. పట్టీ మీద ఏం వేయాలంటే "అమ్మ దీవెన" అన్నాడు. కోసి, ఎర్ర పట్టీ మీద తెల్ల అక్షరాలు పేర్చి తెచ్చాను. సీసా ఎత్తబోతే మేనత్త అడ్డం వచ్చింది.

"ఏందమ్మా, పూజ చేసిన అద్దం కడుగుతవా? పసుపు పోతది. ఇటియ్యి, నేనే పెడుతా."

"నీళ్ళు లేకుంటే వంకరైతదక్కా."

"చెయ్యి మంచిదైతే సాలు. వంకర ఎవరు జూస్తరు?"

పొడి అద్దం మీద, పసుపు మీద, ఒక్క ఊపున పెట్టేసింది. "అమ్మ" పైకప్పుకు తగిలింది, "దీవెన" వైపరు మీదికి దిగింది. మధ్యలో పొక్కులు. శ్రీను నెత్తి పట్టుకున్నాడు. "అత్తా, ఇట్లనే పోతె స్టాండుల అందరు నవ్వుతరు." లాగితే పట్టీ సాగి చిరిగింది. చేసేదేముంది, ఇంకోటి కోయడానికి లోపలికి మళ్ళాను. అప్పుడు చూశాను, రోడ్డుకు అవతల చాయ్ బండి పక్కన ఒకామె, కొంగు నెత్తిమీదికి లాక్కుని మా వైపే చూస్తోంది.

"ఆమె ఎవరు బిడ్డా?"

"మా అమ్మ." వాడు తల దించుకున్నాడు. "నాయిన లేడు. పూజయినంక బండికి ఎదురు రావద్దన్నరు."

నాకు ఒళ్ళు మండిపోయింది. ఎన్నేళ్ళుగా పరదా వెనక మింగిందంతా ఒక్కసారి గొంతులోకి వచ్చింది. "గా పట్టీ మీద ఏం రాయించినవో నీకు సదువొస్తదా? నాకొస్తది. ఎవరి దీవెన రాయిస్తున్నవ్ కొడకా? ఈ అత్తదా? కన్నతల్లిని రోడ్డు అవతల నిలబెట్టి అద్దం మీద ఎవరి పేరు పెట్టుకుని తిరుగుతవ్?"

"నీకెందుకే గవన్ని?" మేనత్త నా మీదికి లేచింది. "నీ అసుంటోళ్ళ చెయ్యి తగలొద్దనే గదా నన్ను తోల్కొచ్చింది."

పరదా కదిలింది. రత్నమాలగారు బయటికి వచ్చారు. భర్త పోయాక ఆమె ఎండలోకి రావడం అదే మొదలు. చేతిలో నీళ్ళ సీసా ఉంది. మేనత్త ఆమె నుదురు చూసి, "మీరు గూడ..." అని ఆగిపోయింది.

"అవును, నేను కూడా" అన్నారు ఆమె. "వద్దనుకుంటే బండి తీసుకుపోండి. ఉంటే మాత్రం నీళ్ళు కొడతాను. శ్రీనూ, వెళ్ళి మీ అమ్మగారిని తీసుకురా బాబూ."

అని అద్దం మీద నీళ్ళు కొట్టారు. పసుపు కరిగి ధారగా కారి ముందు చక్రం మీద పడింది. మేనత్త ఆటో వెనక సీట్లో కూర్చుని మొహం అటు తిప్పుకుంది, దిగి మాత్రం పోలేదు. తల్లి వచ్చింది గాని బండికి నాలుగడుగుల దూరంలోనే ఆగింది.

"వద్దమ్మా, నా చెయ్యి మంచిది గాదు. పోరగాని బతుకు."

"మంచీ చెడ్డా నేను అడగలేదమ్మా. పట్టీ పొడుగు, ఇద్దరు పట్టుకోవాలి. ఆ కొస యాదమ్మ, ఈ కొస మీరు."

ఆమె చేతులు కొంగుకు గట్టిగా తుడుచుకుంది. మహాలక్ష్మిని ముట్టుకుంటున్నట్టు తుడుచుకుంది. వేళ్ళు తడుపుకోమని చెప్పబోయాను. అంతలోనే బొటనవేలు జిగురు మీద వేసి పట్టుకుంది. పట్టీ ఆనించాం, నేను జరిపి సరిచేశాను, రత్నమాలగారు బద్ద అందుకున్నారు. లోపల కూర్చున్న శ్రీను అద్దంలోంచి చూసి, "అమ్మా, నీ ఏలు కనబడుతుంది" అన్నాడు.

నేను కొస లేపబోయాను. "ఇంకా నీళ్ళున్నయమ్మా. లేపి సరిచేద్దం."

"ఉండనీ" అన్నారు రత్నమాలగారు.

"అచ్చు పడ్డదమ్మా."

"చూశాను. ఉండనీ అన్నాను గదా." మధ్య నుంచి అంచుకు బద్ద లాగి నీళ్ళు బయటికి తోసేశారు.

ఆటో పోయాక అడిగాను. అడగకుండా ఉంటే నా గుండె పగిలేది. "మీ నుదురు ఖాళీ అయితే గాని నా నుదురు మీకు కనబడలేదా అమ్మా?"

ఆమె సీసా మూత బిగించారు. "కనబడింది యాదమ్మా. నువ్వు వచ్చిన రోజే కనబడింది. అందుకే పరదా కట్టాను."

ఆ పరదా నన్ను వాళ్ళ మాటల నుంచి కాయడానికి కట్టారో, కొట్టును నా నుంచి కాయడానికి కట్టారో ఆమె చెప్పలేదు. రెండూ అయి ఉండొచ్చు. ఆ సాయంత్రం ముక్కాలిపీట ఎక్కి పరదా తనే దించి, "అద్దాలు తుడిచే గుడ్డలు చెయ్యి" అని నాకు ఇచ్చారు. కొన్ని బేరాలు పోయాయి. కొన్ని పోలేదు. ఆ తరువాత ఉన్నన్నాళ్ళూ ఆమె బయటే కూర్చున్నారు. ఆమె పోయాక కొట్టు నేను చూసుకుంటున్నాను.

ఆమె మీద కోపం పోయిందా అంటే పోలేదు. అన్ని ఏళ్ళు నన్ను బట్ట వెనక కూర్చోబెట్టిన మనిషి ఆమే. నా చేతికి పని ఇచ్చిందీ ఆమే. ఒకదానితో ఒకటి కొట్టేయడం నాకు చేతకాదు. కొత్త బండివాళ్ళు ఇప్పటికీ నా నుదురు చూస్తారు. ఎవరు పెడతారని అడిగితే, నేనే అంటాను. పోయేవాళ్ళను పోనిస్తాను.

శ్రీను అప్పుడప్పుడు వస్తాడు. ఎర్ర పట్టీ ఎండకు వెలిసిపోయింది. కొత్తది వేస్తానంటే, "వద్దత్తా, ఏలు పోతది" అంటాడు. నీళ్ళలో షాంపూ ఇప్పటికీ రెండు చుక్కలే వేస్తాను, నా వేళ్ళు తడుపుకునే పట్టీ ముట్టుకుంటాను. కొత్త బండితో తల్లి వస్తే రెండో కొస ఆమె చేతికే ఇస్తాను. వేళ్ళు తడుపుకోమని మాత్రం చెప్పను.