గుజ్జు ఫ్యాక్టరీ వరుసలో అమెరికా

ఐరాల నుంచి తోతాపురి మామిడి కాయలు ట్రాక్టరుకెత్తుకుని చిత్తూరు దగ్గరి గుజ్జు ఫ్యాక్టరీకి పోయాను. ఏడాదికి మాకదొక్కటే పంట. గేటు ముందు బండ్లు బారులు తీరి ఉన్నాయి.

ఆ రోజే గల్ఫ్ పక్కన ఒక దేశం మీద అమెరికా బాంబులు వేసిందని తెలిసింది. నా ముందు బండి రైతు ఫోనులో వీడియో అందరికీ చూపించాడు.

"సూడప్పా, ఎట్ల ఏసినాడో. మొగోడంటే వాడు."

కూలిన ఇళ్లు చూసి చుట్టూ ఉన్నవాళ్లు నవ్వుతుంటే నేను ఊరుకోలేకపోయాను. నేను బడిలో చదివింది పదో తరగతి వరకే. తక్కినదంతా శాఖా గ్రంథాలయం బెంచీ మీద ముప్పై ఏళ్లు కూర్చుని నేర్చుకున్నాను. చమురు కోసం పెద్ద దేశాలు ఎవరిని గద్దె ఎక్కించాయో, ఎవరిని దించాయో చెప్పబోయాను.

"ఈయప్ప లైబ్రరీ తెరిచినాడు, పోయి పండుకోండ్రా" అన్నాడా వీడియో రైతు.

మరునాడు గేటు మూసేశారు. గుజ్జు పోవాల్సింది గల్ఫుకు, ఓడలు కదలడం లేదట. సాయంత్రానికి ఆ మనిషే నా దగ్గరికొచ్చి కూర్చున్నాడు.

"అమెరికావోడు దొంగ, అప్పా. నువ్వు సెప్పిందే నిజం. ఇంగా సెప్పు."

పదిమంది చేరారు. చచ్చినవాళ్ల గురించి ఒక్కరూ అడగలేదు. ఓడ ఎప్పుడు కదులుతుందనే వాళ్ల బాధంతా. వాళ్లను చూస్తే రోత పుట్టింది. అయినా వినేవాళ్లు దొరికారని చెబుతూనే ఉన్నాను.

మూడో రోజు నా బండిలో అడుగున ఉన్న కాయలు మెత్తబడి రసం కారుతోంది. ఇంకొక్క రోజు ఆగితే రోడ్డు పక్కన పారబోయాల్సిందే. మధ్యాహ్నం ఫ్యాక్టరీలో టోకెన్లు ఇచ్చేవాడు బయటికొచ్చి, కొన్ని బండ్లే లోపలికి అన్నాడు. ఎవరిని పంపేదీ అతని ఇష్టం.

"ఈడ కూసోని అమెరికాను తిడతా ఉండారంటనే? రేపు మా సరుకు ఆడికి గూడా పోవాల."

ముందు బండి రైతు నేను చెప్పినవన్నీ తన మాటలుగా పూస గుచ్చినట్టు ఒప్పజెప్పాడు. "నీ కాయ మెత్తబడిండాది, పక్కకి తియ్" అన్నాడు టోకెన్లవాడు. తర్వాత నా వైపు తిరిగాడు.

"నువ్వేమంటావప్పా?"

"పెద్ద దేశం, వాళ్ల కారణాలు వాళ్లకుంటాయి. మనకేం తెలుస్తాది" అన్నాను.

నా కాయను నొక్కి కూడా చూడలేదు. టోకెను చేతిలో పెట్టి పోయాడు.

నా బండికి దారివ్వడానికి ఆ రైతు తన ట్రాక్టరు వెనక్కి తీశాడు.

"పో అప్పా" అన్నాడు, నా మొహం చూడకుండా.